కొత్త కాకముందు కొరికిన కాయ

చైత్రమాసం, శుద్ధ త్రయోదశి, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ, ఇప్పటి గడియారం లెక్కన ఎనిమిదిన్నరకి, పనసవలసలో మా అత్త ఇంటి ముందు కూర్చుని మా నాన్న పచ్చి మామిడికాయ కొరికాడు. సంవత్సరం ఏదని అడిగితే చెప్పలేను. తెల్లదొరల రోజులు. మన్యంలో అలజడి అణిగి, పోలీసులు కొండ దిగిపోయిన కొత్త. నాకు ముందు పళ్ళు ఊడి పెద్దవి వచ్చాయి, ఓణీ ఇంకా రాలేదు, అంత వయసు. తిథీ వారమూ మాత్రం మరిచిపోయే వీల్లేదు. మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఏటా చైత్ర త్రయోదశి నాడు పళ్ళు తోముకుంటూనే మొదలుపెట్టేది: "ఇయ్యాలే, గురువారం పూట, మీ అయ్య నాలిక కట్టుకోనేక నా కూతుర్ని కొండల్లో ఒగ్గేసొచ్చినాడు."

ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. మనవరాలు వాడి పారేసిన పలక మీద నేర్చుకున్నాను. రాతలో వంకరలుంటే ఉంటాయి, అబద్ధం మాత్రం ఉండదు. ఆ మనవరాలు ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. మొన్న ఎండలు ముదిరే ముందు నన్ను రైలెక్కించి అరకు తీసుకెళ్ళింది. మేము ఆయాసపడుతూ ఎక్కి, దారిలో పడుకుని, మళ్ళీ లేచి ఎక్కిన కొండల్ని ఆ రైలు సొరంగాల్లో దూరి దాటేసింది. చీకటి పడ్డప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు వేశారు, పెద్దవాళ్ళు కూడా వేశారు. స్టేషన్లో దిగగానే ఒక కొండావిడ గంపలో మామిడికాయ ముక్కలు పెట్టుకుని, ఆకు దొన్నెలో వేసి, ఉప్పూ కారం చల్లి అమ్ముతోంది. మనవరాలు రెండు దొన్నెలు కొని ఒకటి నా చేతిలో పెట్టింది. నోరూరింది. ఊరినా తినలేదు. ఆ గంపావిడని ఒక మాట అడిగాను. ఏమడిగానో, ఆవిడ ఏమందో తర్వాత రాస్తాను. ముందు మా అత్త సంగతి రాయాలి.

మాది కొండ కింద, శృంగవరపుకోట వైపు పల్లె. మా నాన్న ఎడ్ల మీద గోనెల్లో ఉప్పు, ఎండుమిరప వేసుకుని ఘాటీ ఎక్కి కొండ సంతలకి తిరిగేవాడు. దిగేటప్పుడు అవే గోనెల్లో పసుపు, చింతపండు, పిప్పళ్ళు వచ్చేవి. అందుకే మా ఇల్లంతా ఒక కాలంలో సముద్రం వాసన, ఒక కాలంలో పసుపు వాసన వేసేది. అత్త మా నాన్నకి పెద్దప్ప, అంటే పెద్దక్క. ఆమె మొగుడు, అంటే మా మామ, సంతకీ సంతకీ తిరగడం మానేసి పనసవలసలోనే చిన్న ఉప్పుకొట్టు పెట్టుకుని అత్తని తీసుకెళ్ళిపోయాడు. పిల్లల్లేరు. ఆ ముందటేడు వానల్లో మామకి చలిజ్వరం వచ్చింది. కబురు మాకు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. వానలు ఆగి, దారి ఆరి, చలి పోయాక, అత్తని దింపుకొని రమ్మని మా నాయనమ్మ నాన్నని పంపింది.

దింపుకొచ్చి ఏం చేస్తారో నాకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు. వెనక వసారాలో గోనెలు పేర్చే గది ఖాళీ చేశారు. గాజులు తీయించి, తెల్లబట్ట కట్టించి ఆ గదిలో ఉంచుతారు. పెళ్ళిళ్ళకి ముందుకి రాకూడదు, వంటకి మాత్రం రావాలి. నీళ్ళు తోడడానికి ఒక మనిషి దొరుకుతుందని మా అమ్మ కూడా సంబరపడింది. మా అమ్మని తిట్టడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. నన్ను వెంట పంపింది కూడా ఆమే. "గుంటని సూత్తే మీ అప్ప కరుగుతాది, తీసుకెల్లు" అంది. దారి పొడుగునా నాన్న నాకు ఒక మాట నేర్పించాడు. ఘాటీలో ఎడ్లు ఆగిన ప్రతిచోటా అప్పజెప్పించుకున్నాడు. ఎడ్లు తోలే అప్పడు అది వినీ వినీ, చివరికి ఎడ్లకి కూడా ఆ మాటే చెప్పి అదిలించాడు.

పనసవలస అంటే పెద్ద ఊరేం కాదు. రెండు కొండల మధ్య పళ్ళెంలాంటి నేల, దానికి ఓ అంచున ఎర్రమట్టి పూసిన ఇళ్ళు, గోడల అడుగున తెల్లమట్టి పట్టీ. మనిషి గట్టిగా మాట్లాడితే ఆ కొనకి వినిపిస్తుంది, కాబట్టి ఎవరూ గట్టిగా మాట్లాడరు. కొండదొరలనే కొండజాతి వాళ్ళ ఊరు. వాళ్ళదీ మా తెలుగే, అందులో ఒడియా కలిసి ఉంటుంది. మేము చేరేసరికి అత్త గుమ్మంలో కూర్చుని సామలు చెరుగుతోంది. నేను పరిగెత్తుకెళ్ళి, మెడ పట్టుకుని, నేర్పినమాట నేర్పినట్టు అనేశాను: "అత్తా, నువ్వు నేకపోతే ఇల్లు ఇల్లులాగ నేదు, నీ ఒళ్ళో తొంగోవాలనుంది, వచ్చియ్యి." అత్త చేట పక్కన పెట్టి, నా మొహం వెనక్కి పట్టుకుని చూసి, పక్కున నవ్వింది. "ఈ ముక్క ఎవుడు నేర్పాడే గుంటా? నీకు తొంగోవాలనుంటే ఇక్కడే తొంగో, ఒళ్ళు ఇక్కడే ఉంది కదా." అప్పడు ఎద్దు వెనక దాక్కుని నవ్వాడు. నాన్న నవ్వలేదు. ఆయన అత్త చేతుల వైపు చూస్తున్నాడు. చేతులకి గాజులున్నాయి, మెడలో పూసల పేరు కూడా ఉంది.

"అప్పా, ఇదేటి?"

"గాజులు. నేస్తం ఏసింది. తియ్యమని అడగడానికి ఈ ఊల్లో ఎవులికీ తీరుబడి నేదురా."

నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. అమ్మవారి ముందు ఇద్దరూ పూలు మార్చుకుని, ఒకరి చేతి అన్నం ఒకరు తిని, నేస్తం కట్టుకుంటారు. కట్టుకున్నాక చచ్చేదాకా ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. పేరు పలికితే ఆ ముడి వదులవుతుందట. మా అత్త నేస్తం పక్కింటామె. నల్లగా, సన్నగా, మాట తక్కువ మనిషి. పొద్దున్నే వచ్చి అత్త పొయ్యిలోంచి నిప్పు పట్టుకెళ్ళేది, సాయంత్రం అత్త వెళ్ళి ఆమె పొయ్యిలోంచి తెచ్చుకునేది. ఇద్దరి దగ్గరా నిప్పు ఉండేది, అయినా తెచ్చుకునేవాళ్ళు. ఇద్దరూ కలిసి ఊట దగ్గరికి వెళ్ళి, తిరిగొచ్చేదాకా ఏమీ మాట్లాడుకోకపోయినా, గుమ్మంలోకి వచ్చాక "మరి ఎల్తాను నేస్తం" అనుకునేవాళ్ళు.

మేమున్న నాలుగు రోజులూ ఆ ఇంటి పని చూడటమే నా పని. మంచు కరగకముందే అత్త లేచి చోడి అంబలి కాచేది. ఆ వాసనకే నేను లేచేదాన్ని. ఊరు చివర పెద్ద బానల్లో పసుపు కొమ్ములు ఉడుకుతుండేవి. ఆ ఆవిరి ఇళ్ళలోకి, బట్టల్లోకి, అన్నంలోకి కూడా వచ్చేసేది. ఇప్పటికీ తడి పసుపు వాసన తగిలితే నాకు పూజ గుర్తురాదు, ఆ ఊరే గుర్తొస్తుంది. కూరల్లో వలిసె గింజల నూనె. మొదటిరోజు వెగటనిపించింది, తర్వాత అదే కావాలనిపించింది. ఎండెక్కాక ఆడవాళ్ళు అడ్డాకులు, చింతపండు, అల్లం పట్టుకుని కొట్టుకి వచ్చేవాళ్ళు. అత్త సోలతో ఉప్పు కొలిచి, కొలిచాక పైన ఒక చిటికెడు వేసేది. మా నాన్న కొలిస్తే సోల అంచుకి చెయ్యి పెట్టి గీసేసేవాడు. అది చూసి నేస్తం అత్తగారు, ముసలి లచ్చమ్మ, ఆకులు సర్దుకుంటూ, "నీ తమ్ముడు మంచోడేనే, సెయ్యే ఉప్పు తినేత్తాది" అనేది. 

కొట్టు ముందే మామిడి చెట్టు. కాయలు నిమ్మకాయకి పెద్ద, కొబ్బరికాయకి చిన్న. గాలికి రాలుతుండేవి. ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. మేకలు తింటే తినేవి. రెండోరోజు నేనొకటి తీసుకోబోతే అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "కొత్త కాలేదే, ఒగ్గేయ్." కొండల్లో ఏ పంటైనా, ఏ కాయైనా ముందు అమ్మవారికి పెట్టి పండగ చెయ్యాలి, దాన్నే కొత్త అంటారు. మామిడి కొత్త అయ్యేదాకా ఊళ్ళో మామిడికాయ ఎవరి నోట్లోకీ పోకూడదు. ఆ పండగ పున్నమికి, అంటే శనివారం. ముందుగా ఎవరైనా తింటే అమ్మవారి వాటా ఎంగిలవుతుంది. వడగళ్ళు పడి మిగతా కాయంతా రాలుతుందని, మందమీద పులి పడుతుందని భయం. నాకు ఇవన్నీ చెప్పింది. నాన్నకి చెప్పిందో లేదో నాకు తెలియదు.

నాన్న అడిగినప్పుడల్లా అత్త అవునన్నదీ లేదు, కాదన్నదీ లేదు. "పొయ్యి మీద ఉడుకుతంది, దించనీరా" అనేది. బుధవారం సాయంత్రానికి నాన్న ఓపిక అయిపోయింది. "రేపు పొద్దున్నే దిగిపోతన్నాం, బేగి సర్దు" అన్నాడు. అత్త సర్దింది. గిన్నెలు, రెండు చీరలు, మామ తుండుగుడ్డ, కొట్టులో సోల. నాయనమ్మకని ఒక నల్లకోడిని గంపలో వేసి మూత కట్టింది. నేస్తం గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంది. మూత మీద తాడు ముడి పడటం లేదని లేచి ఆమే వేసింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకో నాకు తెలీలేదు. నేర్పిన మాట పనిచేసినందుకు నాన్న నాకు బెల్లం ముక్క పెట్టాడు.

ఇక ఆ గురువారం పొద్దున. అప్పడు ఎడ్లకి బరువులెత్తాడు. అత్త మూటలు, కోడి గంప అన్నీ ఎర్రెద్దు మీదికి వెళ్ళాయి. అత్త లోపల ఇల్లు అలుకుతోంది, వెళ్ళిపోయే ఇల్లు అలకడమేమిటని నాన్న విసుక్కుని గుమ్మం పక్కన రాయి మీద కూర్చున్నాడు. గాలొచ్చి కాళ్ళ ముందు ఒక కాయ రాలింది. నాన్న తీసి, పంచెకి తుడిచి, మొలలోంచి కత్తి తీశాడు. అప్పటికి అత్త అలుకుగుడ్డ చేత్తో గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. నేను చూశాను. నా మణికట్టు పట్టుకున్న చెయ్యే అది. నాన్న కాయ కోశాడు, గోనె మూతి విప్పి రాళ్ళుప్పు తీసి అద్దుకున్నాడు. అత్త చూస్తూనే ఉంది. అప్పడికి కూడా ఒక ముక్క చూపించాడు. వాడు రెండడుగులు వెనక్కి వేసి, "నాకొద్దు బాబూ" అన్నాడు. నాన్న కొరికాడు. కరకరమన్న ఆ చప్పుడు ఊరి ఆ కొనకి వినిపించి ఉంటుంది.

"ఓలమ్మో! ఉప్పుబాబు కాయ కొరికేసినాడు!" అని లచ్చమ్మ చేట వదిలేసింది.

"రాలిన కాయే కదే ముసిలీ. సెట్టెక్కి కోసానేటి?"

"సెట్టెక్కుంటే కాలిరిగి నీకే తగిలేది. ఇప్పుడు ఊరికి తగిలింది."

కబురు వెళ్ళింది. ముహూర్తాలు చూసి, ఊరి పూజలు చేసే పెద్దని అక్కడ దిసారి అంటారు. దిసారి బుదు తాత పొగాకు నములుతూ, ఏ తొందరా లేకుండా వచ్చి, నాన్న ముందు గొంతుకూర్చున్నాడు. కింద పడ్డ సగం కాయ తీసి అటూ ఇటూ తిప్పాడు. "ఉప్పు కూడా అద్దినాడు" అన్నాడు. లచ్చమ్మకి నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న మొహం ఎర్రబడింది.

"ఇంత కాయకి ఇంత గొడవేటి? ఒక గోనె ఉప్పు దింపేత్తాను. ఊరంతా పంచుకోండి."

"అమ్మోరు ఉప్పు అడగదు బాబూ. కోడినడుగుతాది. నల్లది. ఒక కుండ కల్లు. అయి పెట్టి తప్పు దించితేనే శనారం పండగ."

"మరి ఎవులిత్తారు?" అంది లచ్చమ్మ.

బుదు తాత నేల మీద పుల్లతో ఒక గీత గీశాడు. తర్వాత ఎవరి మీదా కోపం లేనట్టు చెప్పాడు. "దారిన పోయే మనిసి తప్పు దారినే పోతాది. మేం నీల్లు సల్లుకుంటాం, సాలు. ఊరోల్ల తప్పయితే ఆ ఇల్లు ఇచ్చుకోవాల. ఈ బాబు ఈ గుమ్మం కాడ కూకుని తిన్నాడు. గుమ్మం ఊరిదయితే గుమ్మం ఇచ్చుకుంటాది. దిగిపోయే గుమ్మమయితే కోడీ వద్దు, ఏటీ వద్దు." అని అత్త వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వే సెప్పాల. ఊల్లో ఉన్నావా, దిగిపోయావా?"

అత్తని ఒకరు అలా అడగడం నేను చూసింది అదే మొదలు. కిందనుంచి అందరూ ఆమెకి చెప్పి పంపారు, ఎవరూ అడిగి పంపలేదు. అత్త అలుకుగుడ్డ గుమ్మం పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఎర్రెద్దు దగ్గరికి నడిచింది. గంప మీద ముడి విప్పబోయింది, రాలేదు. నేస్తం వేసిన ముడి కదా. నేస్తమే లేచి వచ్చి విప్పింది. అత్త చెయ్యి పెట్టి నల్లకోడి కాళ్ళు పట్టి బయటికి తీసి, బుదు తాత చేతికిచ్చింది.

"అప్పా, ఏటి సేత్తన్నావు?" నాన్న రాయి మీంచి లేచాడు.

"తప్పు మా ఇంట జరిగింది. దించుకుంటన్నాను."

"మీ ఇల్లేటి? మనిల్లు కింద ఉంది."

"కిందున్నది నీ ఇల్లురా. నీ గదికి మల్లీ గోనెలు పేర్చుకో." అని, తర్వాత కొంచెం మెత్తగా, "అమ్మకి సెప్పు, కోడి పంపినాను గానీ అమ్మోరు తీసుకుందని" అంది.

"కల్లు నాను తెత్తాను నేస్తం" అంది పక్కింటామె. మేమున్నన్నాళ్ళలో ఆమె అందరి ముందూ పలికిన మాట అదొక్కటే. అప్పడు ఎవరూ చెప్పకుండానే మూటలు దింపడం మొదలుపెట్టాడు. నాన్న వాడిని కొట్టబోయి, చెయ్యి మధ్యలో ఆపుకున్నాడు. అత్త మమ్మల్ని వాగు దాకా సాగనంపింది. నన్ను దగ్గరికి తీసుకుని, "నీకు కాయలు పంపుతానే, కొత్తయ్యాక" అంది. నాన్న ఆమె వైపు చూడలేదు. ఘాటీలో సగం దూరం దిగాక నాతో ఒక్కటే అన్నాడు: "ఆ కాయ పుల్లగా కూడా లేదే."

అత్త మాట తప్పలేదు. పున్నమి వెళ్ళిన వారానికి అప్పడి చేత గంపెడు కాయలు వచ్చాయి. నాన్న గడప దాటనివ్వలేదు. అమ్మ అవి పొరుగింట్లో దింపించి, ఆ ఇంట్లోనే ఆవకాయ పెట్టి, ఏడాదంతా గిన్నెలో పక్కనుంచి తెచ్చి నాన్నకే వడ్డించింది. ఆయన బాగుందని తిన్నాడు. తర్వాత ప్రతి ఏడూ వచ్చేవి, ఆమె ఉన్నన్నాళ్ళూ. ఒక చైత్రంలో రాలేదు. చలిజ్వరమే అని అప్పడు చెప్పాడు. నేస్తం చేతుల్లో పోయిందట. కొండమీద బతుకు పూలపానుపని నేను చెప్పను. మందూ మాకూ లేదు, వానాకాలం దారి లేదు. ఆమె కిందకొచ్చి ఉంటే ఇంకా కొన్నేళ్ళు బతికేదని నాయనమ్మ అనేది. బతికేదేమో. ఆ వెనక గది తర్వాత నాకే వచ్చింది. మొగుడు పోయి, కొడుకుని చంకనేసుకుని పుట్టింటికి వచ్చినప్పుడు, గోనెలు జరిపి ఆ గదే ఇచ్చారు. కొడుకు చేతికందేదాకా అందులోనే ఉన్నాను. ఉంటావా పోతావా అని నన్ను ఎవరూ అడగలేదు. నాకు మామిడిచెట్టూ లేదు, బుదు తాతా లేడు.

ఇప్పుడు కొండమీదికి రైలుంది, ఆసుపత్రి ఉంది, విధవల్ని వెనక గదిలో పెట్టేవాళ్ళు తగ్గారు. నా మనవరాలు ఎవరినీ అడక్కుండానే తనకి నచ్చిన ఊళ్ళో ఉంటోంది. ఇవన్నీ మంచివే, నేను కాదనను. పనసవలస చూద్దామని జీపు మాట్లాడుకుంటే, అక్కడ ఇప్పుడు కాఫీ తోటలంటున్నారు, పాత ఇళ్ళు లేవట. అక్కడిదాకా వెళ్ళలేదు. స్టేషన్లో ఆ గంపావిడని అడిగిన మాట రాస్తానన్నాను కదా. "కొత్త అయ్యిందేటమ్మా?" అని అడిగాను. ఆవిడ కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "ఇంకా నేదు మామ్మా. రైలోల్లకి అమ్మతాం. మేం తినం." నా దొన్నె మనవరాలికి ఇచ్చేశాను. అది రెండూ తినేసి, వేళ్ళు నాక్కుని, నాకెందుకు వద్దో అడిగింది. అడిగింది కాబట్టి ఇదంతా రాశాను.

ఆ గురువారం పొద్దున ఆ గుమ్మం ముందు ఉన్నవాళ్ళం వీళ్ళం. మా నాన్న, ఉప్పు సింహాచలం. ఎడ్లు తోలే అప్పడు. దిసారి బుదు తాత. ముసలి లచ్చమ్మ. ముత్యాలు, అంటే నేను. లచ్చమ్మ కోడలు, మా అత్త నేస్తం, ఆమె పేరు అత్త ఏనాడూ పలకలేదు కాబట్టి నాకు తెలియదు. నల్లకోడి. ఇంకొక్క పేరుంది. ఆ రోజు నుంచీ మా నాన్న దాన్ని ఇంట్లో ఎవరినీ పలకనివ్వలేదు. పలక మీద నా పేరు రాయడం వచ్చాక నేను దిద్దిన రెండో పేరు అదే. అప్పలనరసమ్మ.